నీళ్ళమీద కర్రదెబ్బ

ఆ రోజు సొరచేప కర్రదెబ్బకి పోలేదు.

వెర్నీటా మొదట పెద్దగా పట్టించుకోలేదు. పాటు బాగా తీసింది, సముద్రం వెనక్కి పోయింది. పర్ర మీద నీళ్ళు మోకాళ్ళకి కూడా అందడం లేదు. ఆండ్రోస్ దీవికి పడమటి పక్క ఈ ఉప్పు పర్ర, లోతులేని ఇసక నేల, ఎంత దూరం నడిచినా ఇంతే. మనిషి నడుం మునిగేది మధ్య మధ్య కాలవల దగ్గరే. ఆమె వంగి, అడుగున అద్దం బిగించిన బాల్చీని నీళ్ళమీద ఆన్చి, అందులోంచి నేలని చూసుకుంటూ నడుస్తోంది. గడ్డిలో శంఖు కనపడితే చెయ్యిపెట్టి తీసి, నడుముకి కట్టిన తాడు చివర తేలుతూ వస్తున్న తొట్టిలో వేస్తోంది. పక్కన మేనకోడలు డ్రూసీ. ఇరవై రెండేళ్ళది. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే చురుకు.

"అత్తా, నీ వెనకాల చుట్టం వస్తున్నాడు," అంది డ్రూసీ.

వెర్నీటా తిరిగి చూసింది. పసుప్పచ్చ సొర ఒకటి. మరీ పెద్దది కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు. ఆమె చంకలో కర్ర తీసి నీళ్ళమీద అడ్డంగా చెళ్ళున కొట్టింది. ఈ ఊళ్ళో ఆడపిల్లకి కాళ్ళు వచ్చాక నేర్పే మొదటి విద్య ఇదే. సొర చప్పుడుకి బెదిరే జంతువు. ఒక్క దెబ్బ పడితే మడ చెట్లకేసి పరుగు లంకించుకుంటుంది. వెర్నీటాకి ఆ దెబ్బ వాళ్ళమ్మ నేర్పింది, అమ్మకి అమ్మమ్మ నేర్పింది. ఊరు ఊరంతా ఆ దెబ్బ మీదే నమ్మకం పెట్టుకుని ఇన్నేళ్ళూ కాళ్ళు దక్కించుకుంది.

సొర గిర్రున తిరిగింది. కానీ పోవడానికి కాదు. చప్పుడైన చోటికే నేరుగా వచ్చి, అక్కడ ఒక చుట్టు చుట్టి, పోగొట్టుకున్నదేదో వెతుక్కుంటున్నట్టు మూతి అటూ ఇటూ ఆడించింది.

"వీడికి చెవుడల్లే ఉందత్తా," అని నవ్వింది డ్రూసీ.

వెర్నీటా మళ్ళీ కొట్టింది, ఈసారి గట్టిగా. సొర ఇంకాస్త దగ్గరికి వచ్చింది. మడ చెట్ల నీడలోంచి ఇంకో రెక్క బయల్దేరింది.

"నడు," అంది వెర్నీటా.

"తొట్టి సగమైనా నిండందే!"

"నడవ్వే అంటే!"

ఇద్దరూ వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ ఇసక తిన్నె ఎక్కారు. తిన్నె మీద నిలబడి చూస్తే సొరలు రెండూ కాసేపు తచ్చాడి వెళ్ళిపోయాయి. దూరంగా తమ్ముడు లియాండర్ పడవ కనిపిస్తోంది. లాడ్జిలో దిగే దొరల్ని చేపలవేటకి తిప్పే గైడు వాడు. వెనకవైపు ఎత్తుబల్ల మీద నిలబడి వాడు గెడ వేస్తున్నాడు. ముందు నిలబడి ఒక దొర గాలం తాడు గాల్లోకి విసురుతున్నాడు. ఆ దొరని చూస్తుంటే ఆమెకి ఇంకో సంగతి తట్టింది. ఇదివరకు బోన్‌ఫిష్ మంద తోకలు పైకి పెట్టి మేస్తూ కనపడితే చాలు, దొరలు ప్రత్యేకం కుట్టించుకున్న బూట్లేసుకుని నీళ్ళలోకి దిగి, దొంగల్లా మునివేళ్ళ మీద నడిచేవాళ్ళు. ఈమధ్య ఒక్క దొర కాలు కూడా నీళ్ళలో పడలేదు.

ఎండ ఎక్కువైందేమోలే అనుకుంది. పెద్దవాళ్ళ కాళ్ళ గొడవ మనకెందుకు?

పొద్దు వాలుతుండగా లియాండర్ భోజనానికి వచ్చాడు. పెళ్ళాం పోయినప్పట్నించీ వాడికీ కూతురు డ్రూసీకీ వెర్నీటా పొయ్యే దిక్కు. మొక్కజొన్న రవ్వ ఉడికించి, పైన చేప పులుసు పోసి ముందు పెట్టింది. ఆ చేప కూడా బోన్‌ఫిషే. ఒళ్ళంతా ముళ్ళు, తీసుకుని తినే ఓపికుంటే రుచికి వంక లేదు. దాన్ని గాలానికి పట్టడానికి ఎక్కడెక్కడి దొరలో విమానాలెక్కి వస్తారు. తగిలిందంటే గుర్రంలా లాక్కుపోతుందట, ఆ లాగుడు కోసం. తీరా చేతికొచ్చాక ముద్దుగా ఫోటో తీయించుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. వదిలేసేదానికి ఇంత హంగామా ఎందుకో ఊళ్ళో ముసలాళ్ళెవరికీ ఇప్పటికీ అర్థం కాలేదు.

"రేపట్నించి ఆ పర్ర మీదికి వెళ్ళకండి," అన్నాడు లియాండర్ తలెత్తకుండా.

"ఎవరి హుకుం?"

"కాల్డ్‌వెల్ సారు చెప్పాడు. ఆడవాళ్ళు నడుస్తుంటే చేపలు బెదిరిపోతున్నాయిట."

కాల్డ్‌వెల్ అంటే లాడ్జి మేనేజరు. వెర్నీటా గరిటె గిన్నెలో ఠంగుమని పడేసింది.

"మా కాళ్ళకి బెదురుతున్నాయా? ఎవరి కాళ్ళకి? అమ్మ నిన్ను కడుపులో మోస్తూ ఆ పర్ర మీద శంఖులేరింది. అప్పుడు మీ సారు లాడ్జికి పునాదిరాయి కూడా లేదు. వెళ్ళి చెప్పు, చేపలకి అంత బెదురైతే కళ్ళకి గంతలు కట్టుకోమను."

డ్రూసీ కిసుక్కున నవ్వింది. లియాండర్ నవ్వలేదు.

"అక్కా, నా మాట విను."

"నీ మాటైతే వినేదాన్నే. ఇది నీ మాట కాదుగా." కోపం తగ్గాక, ఊరికే చెప్పినట్టు చెప్పింది. "ఇవాళ ఓ సొర కర్రదెబ్బకి పోలేదురా. మీదికొచ్చింది."

లియాండర్ చెంచా నోటి దగ్గర ఆగిపోయింది. తర్వాత దాన్ని కంచంలో దించి, ఉప్పు సీసా అందుకుని, అప్పటికే ఉప్పున్న పులుసులో మళ్ళీ చల్లాడు.

"ఎండకి మతిపోయుంటుంది," అన్నాడు.

ఆ ఉప్పు పులుసు వాడు తలొంచుకుని మొత్తం తినేశాడు. వెర్నీటా అది చూసింది. చూసినా, పౌరుషం ముందుంటే బుద్ధి వెనకపడుతుంది. ఎంతసేపూ ఆ లాడ్జివాడి హుకుమే ఆమె చెవుల్లో గింగురుమంటోంది.

మర్నాడు గాలి. ఆ పై రోజు సముద్రం పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంది. వెర్నీటా బాల్చీ, తొట్టి, కర్ర తీసుకుని డ్రూసీని వెంటబెట్టుకుని కావాలనే లాడ్జి పడవలు కనపడేంత దగ్గరగా పర్రలోకి దిగింది. చూడనీ, చూసి ఏం పీకుతాడో పీకనీ అని.

లియాండర్ పడవ కేక దూరంలోనే ఉంది. వెడల్పు టోపీ దొర ఒకడు ముందు వంగి నిలబడ్డాడు. గెడ చప్పుడు లేకుండా పడుతోంది. నీళ్ళపైన నల్లటి కొడవలిలాంటి తోక ఒకటి లేచి, పడి, మళ్ళీ లేచింది. పర్మిట్ చేప. వెర్నీటాకి కూడా తెలుసు, బోన్‌ఫిష్ బుట్టెడు పట్టినవాడికి కూడా పర్మిట్ ఒకటి పడడం గగనం. కొంతమంది దొరలు దానికోసం ఏళ్ళతరబడి వచ్చి ఒట్టి చేతుల్తో పోతారు. లియాండర్ వేలు పెట్టి చూపించాడు. దొర తాడు విసిరాడు. తోక వంగింది, తాడు బిగిసింది, దొర కేక పెట్టాడు. చేప పర్రని చీల్చుకుంటూ పరుగు తీసింది.

"నాన్నకి ఇవాళ పండగే," అంది డ్రూసీ. "దొర మందు పోయిస్తాడు."

అప్పుడే కాలవలోంచి రెక్కలు బయటికొచ్చాయి. మొదట రెండు, తర్వాత లెక్కపెట్టే తీరిక లేకుండా. అన్నీ చేప కొట్టుకుంటున్న వైపుకే పోతున్నాయి. దారిలో వీళ్ళిద్దరూ ఉన్నారు.

వెర్నీటా కర్ర ఎత్తి కొట్టింది.

రెక్కలన్నీ ఆగాయి. చేపని వదిలేసి ఇటు తిరిగాయి.

"అమ్మో అత్తా!"

"కొట్టవే, నువ్వూ కొట్టు!"

డ్రూసీ బాల్చీ పెట్టి కొట్టింది, వెర్నీటా రెండు చేతులా కర్ర పట్టి కొట్టింది. నీళ్ళు ముఖమ్మీద చిందుతున్నాయి. ఎంత గట్టిగా కొడితే అంత జోరుగా వస్తున్నాయి అవి. ఒకటి తొట్టిని గుద్దింది. తొట్టి తలకిందులై శంఖులన్నీ బుడుంగుమని మునిగాయి. తాడు నడుముని లాగింది. వెర్నీటా తూలి, నిలదొక్కుకుని మళ్ళీ కర్రెత్తింది.

"కొట్టొద్దు!" లియాండర్ గొంతు. అది వాడి గొంతేనా అనిపించేంత కీచుగా ఉంది. "అక్కా, నీళ్ళు కొట్టొద్దు! కొట్టకే! కర్ర పైకెత్తి పట్టుకో! ఇద్దరూ కదలకుండా నిలబడండి!"

ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది.

నిలబడ్డారు. డ్రూసీ గోళ్ళు ఆమె జబ్బలో దిగాయి. బురద మెల్లిగా కిందికి దిగుతుంటే నీళ్ళలో సొరల ఒళ్ళు కనపడుతున్నాయి, పసుప్పచ్చగా, తొందర లేకుండా. ఒకటి వెర్నీటా పిక్కని రాసుకుంటూ పోయింది. గరుకు కాగితం పెట్టి రుద్దినట్టయింది. దేవుడా, ఈ పిల్లని వదిలెయ్, నన్ను తీసుకో అనుకుంది. నోట్లోంచి ఊపిరి కూడా రానివ్వలేదు.

పర్ర మీద ఇంజను వెయ్యడం లాడ్జివాళ్ళకి మహాపాపం. లియాండర్ ఇంజను వేశాడు. దొర అరుస్తున్నా వినిపించుకోకుండా నేరుగా వచ్చి, ముందు కూతుర్ని, తర్వాత అక్కని చంకల కింద చేతులేసి పడవలోకి లాగాడు. దొర గాలం తాడు వదులైపోయింది. చుట్టుకుంటే తేలిగ్గా వచ్చింది. చివర, సొరలు తినగా మిగిలిన పర్మిట్ తలకాయ, దాని వెనక రెండు జానల పేగు. అంతే. దొర ఆ తలని చూసి బూతు తిట్టాడు. ఆనక, ఎంతైనా పర్మిట్టే కదా అని, దాంతోనే ఓ ఫోటో తీయమన్నాడు. లియాండర్ తీశాడు.

దొరని లాడ్జి దగ్గర దించారు. ఆ తర్వాత ఊరివైపు పడవ తిప్పాక వెర్నీటా అడిగింది.

"ఎప్పట్నించి తెలుసు?"

"ఈస్టరు ముందునించి."

వాడు గెడ కేసి చూస్తూ చెప్పాడు. దొరలు ఆడించి ఆడించి వదిలిన చేప సొమ్మసిల్లి తేలుతుంది. దాన్ని తినడానికి సొర వస్తుంది. కళ్ళముందే తింటే దొరలకి మనసు కష్టం. అందుకని గైడ్లందరూ గెడతో నీళ్ళు కొట్టి సొరని తోలేవాళ్ళు. మొదట్లో పోయేవి. పోనుపోనూ వాటికి తెలిసిపోయింది. దెబ్బ పడిందంటే అక్కడ చేవ చచ్చిన చేప ఉంటుందని. ఇప్పుడు బడిలో అన్నం గంట కొట్టినట్టే, ఎక్కడ కొట్టినా పరిగెత్తుకొస్తున్నాయి.

"అందుకని దొరల్ని దించడం మానేశారు."

"సారే వద్దన్నాడు."

"దొరల్ని ఆపారు. మమ్మల్ని?"

"నిన్నూ ఆపాను కదక్కా! వెళ్ళొద్దని మొన్న చెప్పానా లేదా?"

"మా కాళ్ళకి చేపలు బెదురుతున్నాయని చెప్పావు. మా కాళ్ళు పోతాయని చెప్పలేదు."

"సొరల మాట బయటికొస్తే బుకింగులన్నీ పోతాయిట. సీజను అయ్యేదాకా నోరు కుట్టేసుకోమన్నాడు. పని పోతే ఈ ఊళ్ళో నాకు ఇంకేం పనుంది, చెప్పు? ఇంకో నెల్లాళ్ళే..."

డ్రూసీ అప్పటిదాకా తండ్రికి వీపు పెట్టి కూర్చుంది. తల తిప్పకుండానే అంది. "నెల్లాళ్ళూ నాకు ఏ కాలుంచుదామనుకున్నావు నాన్నా?"

లియాండర్ గెడ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"రేపు పొద్దున్న మెర్టిస్ పిన్నీ వాళ్ళూ శంఖులకి దిగుతారు," అంది వెర్నీటా. "వాళ్ళతో నువ్వే చెప్పాలి. నేను చెప్తే నమ్మరు. రేవులో అందరి ముందూ చెప్పు."

"చెప్తాను," అన్నాడు. ఆ 'చెప్తాను'లో జీవం లేదు.

పొద్దున్న రేవులో ఆడవాళ్ళు బాల్చీలతో, తొట్లతో చేరేసరికే కాల్డ్‌వెల్ వచ్చి ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతిలో కాఫీ కప్పు, మొహాన నవ్వు. లియాండర్ అతని వెనకాల పడవ తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరు ఏం చెప్పారో, రాత్రికి రాత్రి ఏం మాట్లాడుకున్నారో తెలీదు. వాడు అక్కకేసి చూడలేదు.

వెర్నీటా జరిగిందంతా చెప్పింది. పిక్క మీద ఎర్రగా గీరుకుపోయిన చోటు చూపించింది. కర్ర కొట్టొద్దంది, అసలు దిగొద్దంది.

మెర్టిస్ పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది. డెబ్బై దాటినా పర్ర మీద ఆవిడతో సమంగా నడిచే పడుచు లేదు. "ఏమే, కర్రదెబ్బకి సొర వస్తుందా? నీ తల్లి నాకూ నీకూ నేర్పిన దెబ్బే ఇది. పొయ్యి వెలిగిస్తే ఇల్లు చల్లబడుతుందన్నట్టుంది నీ మాట."

"నా తల్లి కాలంలో పోయేవి పిన్నీ. ఇప్పుడు పోవు. వీణ్ణడుగు." తమ్ముడికేసి వేలు చూపించింది. "చెప్పరా."

అందరూ లియాండర్ని చూశారు. వాడు కాల్డ్‌వెల్ని చూశాడు. కాల్డ్‌వెల్ కాఫీ ఓ గుక్క తాగాడు.

"సొర చప్పుడుకి పారిపోతుంది, చంటిపిల్లలకి కూడా తెలుసు," అన్నాడతను. "నిన్న ఈవిడ కొంచెం భయపడింది, పాపం. మీరు మా పర్ర వదిలేసి, కాలవకి ఇటుపక్క ఎక్కడైనా ఏరుకోండమ్మా, నాకేం అభ్యంతరం లేదు. ఏం లియాండర్?"

లియాండర్ తాడు ముడి విప్పాడు, మళ్ళీ వేశాడు.

"చూశావా, వాడే ఒప్పుకోవడం లేదు," అంది మెర్టిస్ పిన్ని. గౌను అంచు పైకి దోపుకుని రేవు కాలవలోకి దిగింది. ఈ కాలవ దాటితేనే పర్ర. నడుం లోతు.

"పిన్నీ, దిగకు!"

"ఊరుకోవే. నువ్వు పుట్టకముందునించీ దిగుతున్నాను." ముసలామె తొడలదాకా నీళ్ళలో నిలబడి, ఎప్పుడూ కొట్టినట్టే, కర్ర ఎత్తి చెళ్ళున కొట్టింది. వెనక్కి తిరిగి నవ్వింది. "ఏదీ, రమ్మను!" మళ్ళీ కొట్టింది.

మడ చెట్ల కింద నీళ్ళమీద చారలు లేచాయి. వెర్నీటా ముందు చూసింది, డ్రూసీ తర్వాత చూసింది. మెర్టిస్ పిన్ని ఒడ్డుకేసి తిరిగి నవ్వుతూనే ఉంది.

పడవ కదిలిన చప్పుడైంది. లియాండర్ తాడు తెంపినంత పని చేసి, ఒక్క తోపులో కాలవ మధ్యకి పోయాడు. ముసలామెకి దూరంగా, ఎగువన నిలబడి, గెడని నెత్తికి మించి ఎత్తి నీళ్ళమీద బాదాడు. మళ్ళీ బాదాడు. మళ్ళీ.

"లియాండర్!" అన్నాడు కాల్డ్‌వెల్.

చారలు వంపు తిరిగాయి. ముసలామె దగ్గరికి రెండు బారల దూరం వచ్చిన రెక్క కూడా ఒక్కసారి ఒరిగి ఆ దెబ్బకేసి పోయింది. మడ కింద నించీ, పర్ర అంచునించీ, లాడ్జి వైపునించీ ఎన్నో వచ్చాయి. పడవ చుట్టూ నీళ్ళు పసుప్పచ్చగా మసిలాయి. ఒకటి గెడని కరిచి వదిలింది. వెర్నీటా నీళ్ళలోకి దూకి పిన్ని జబ్బ పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చింది.

కాల్డ్‌వెల్ కప్పులో మిగిలిన కాఫీ పారబోశాడు. "రేపట్నించి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. వెళ్ళిపోయాడు.

లియాండర్ విన్నాడో లేదో, ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. కొట్టి కొట్టి పడవ ఇటు తిప్పబోయాడు. వాడితోపాటు రెక్కలన్నీ రేవుకేసి తిరిగాయి. వాడు ఆగిపోయాడు.

"ఒడ్డుకి రాకు!" అరిచింది వెర్నీటా. "వాటిని ఇటు తేకు! అటు, లోతుకి తీసుకుపో!"

వాడు తలూపాడు. పడవ తిప్పి, గెడ ఒక తోపు, ఒక దెబ్బ, ఒక తోపు, ఒక దెబ్బగా పెద్ద కాలవకేసి పోయాడు. మంద వెనకాలే పోయింది. కనుమరుగయ్యాక కూడా దెబ్బ వినపడుతూనే ఉంది. డ్రూసీ నిన్న పడవలో ఆ మాట అడిగాక తండ్రితో మళ్ళీ మాట్లాడలేదు. ఇప్పుడు నీళ్ళ అంచున నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "నాన్నా, చాల్లే! ఇంక ఆపు!" అని కేకేసింది. అంత దూరం ఆ కేక పోలేదు.

మెర్టిస్ పిన్ని ఇసకలో కూలబడి, పాదాలు రెండూ చేతుల్లో పెట్టుకుని ఒత్తుకుంటోంది.

"ఇవాళంటే వీడు తీసుకుపోయాడు," అంది. "రేపో?"

వెర్నీటా ముసలామె బాల్చీ కూడా తనే అందుకుని, ఆవిడ్ని లేపి నిలబెట్టి, ఇంటిదారి పట్టింది. మిగతావాళ్ళు వెనకాల నడిచారు. పాటు ఇంకా తీస్తూనే ఉంది. పర్ర మీద శంఖులు నీళ్ళలోంచి బయటపడుతున్నాయి.